వృద్ధాశ్రమం నాణ్యతను ఎలా కొలవాలి? చట్టం, రిజిస్టర్లు, రాత్రి డ్యూటీ

క్లుప్తంగా: దేశమంతటికీ వర్తించే రేటింగ్ పద్ధతి వృద్ధాశ్రమాలకు ఇప్పటిదాకా లేదు. దాంతో కుటుంబాలు గదులు, లిఫ్టు, తోట, పూజగది లాంటివి చూసి నిర్ణయం తీసుకుంటున్నాయి. సంరక్షణలో లోపం ఉంటే మాత్రం అది ముందుగా పెద్దవారి చర్మం మీద, బరువులో, మాత్రల డబ్బాలో బయటపడుతుంది. అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వీటిని కొలవడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఆ కొలతల్లో దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. ఆ అనుభవంలో ఇక్కడి కుటుంబాలకు, అధికారులకు పనికొచ్చేది ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

## పగలు పదకొండు గంటలకు చూసే ఆశ్రమం

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం పరిసరాల్లో డబ్బు తీసుకుని పెద్దవారిని చూసుకునే ఆశ్రమాలు ఇప్పుడు కొత్త విషయం కాదు. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో అరవై దాటినవారు 10.38 కోట్ల మంది. 2021 నాటికి వారి సంఖ్య 13.8 కోట్లకు చేరుతుందని కేంద్ర గణాంక కార్యాలయం అంచనా వేసింది. వీరిలో ఆశ్రమాల్లో ఉండేవారు కొద్దిమందే. ఆ కొద్దిమంది మాత్రం అందరికంటే బలహీనులు. పక్షవాతం వచ్చినవారు, తుంటి ఎముక విరిగినవారు, మతిమరుపు ముదిరినవారు, చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేనివారు.

చేర్పించే నిర్ణయం సాధారణంగా హడావుడిలోనే జరుగుతుంది. కొడుకో కూతురో డల్లాస్ నుంచో బెంగళూరు నుంచో సెలవు మీద వస్తారు. ఆసుపత్రి వాళ్లు రేపు డిశ్చార్జి అంటారు. సెలవు అయిపోయేలోపు ఒక చోటు చూడాలి. ఆ టెన్షన్‌లో మూడు నాలుగు ఆశ్రమాలు తిరుగుతారు. ప్రతిచోటా పగటిపూట, మేనేజర్ పక్కన ఉండగా, తుడిచి శుభ్రం చేసిన వరండాలో నిలబడి చూస్తారు. గది గాలి వెలుతురుతో ఉందా, బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు ఉన్నాయా, అంబులెన్స్ ఉందా అని అడుగుతారు. అడగాల్సినవే అవి. కానీ మంచం పట్టిన మనిషిని రాత్రి రెండు గంటలకు ఎవరు పక్కకు తిప్పుతారో ఆ వరండాలో నిలబడితే తెలియదు.

## చట్టంలో ఉన్నదెంత

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లల నుంచి నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల మనోవర్తి ఇప్పించే చట్టంగానే చాలామందికి ఇది తెలుసు. ఇందులోని 19వ సెక్షన్ వృద్ధాశ్రమాల గురించి చెబుతుంది. ప్రతి జిల్లాలో కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేయవచ్చని దాని సారాంశం. "చేయాలి" అని కాకుండా "చేయవచ్చు" అని రాయడంతోనే సగం బలం పోయింది.

ఈ చట్టం కింద కేంద్రం రాష్ట్రాలకు నమూనా నియమాలు పంపింది. ఆశ్రమంలో పడక గది వైశాల్యం మనిషికి 7.5 చదరపు మీటర్లు, వంటగది, భోజనశాల వంటివి కలుపుకుంటే మనిషికి 12 చదరపు మీటర్లు ఉండాలని అందులో ఉంది. వీలైనంత వరకు అన్న మినహాయింపు కూడా ఉంది. స్థలానికి ఇంత స్పష్టమైన లెక్క పెట్టిన చోట, ఆ స్థలంలో పడుకున్న మనిషికి రోజుకు ఎన్ని నిమిషాల సేవ అందాలన్న లెక్క కనిపించదు.

ప్రైవేటు ఆశ్రమాలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేసే సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. అది పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది. చట్టం కాకుండానే 17వ లోక్‌సభ కాలం ముగిసింది, బిల్లు మురిగిపోయింది. అదే 2019లో కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ రిటైర్మెంట్ హోమ్‌లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ప్రధానంగా ఫ్లాట్లు కొనుక్కుని ఉండగలిగే వారిని ఉద్దేశించినవి. నిరుపేద వృద్ధుల ఆశ్రమాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం అటల్ వయో అభ్యుదయ యోజన కింద గ్రాంటు ఇస్తుంది. గ్రాంటు తీసుకునే చోట నిబంధనలు, పరిశీలన ఉంటాయి. గ్రాంటు తీసుకోని ప్రైవేటు ఆశ్రమానికి అవి వర్తించవు.

సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో, వృద్ధుల హక్కులపై దాఖలైన అశ్వనీ కుమార్ కేసులో తీర్పు ఇస్తూ, ఏ జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమాలు ఉన్నాయో రాష్ట్రాల నుంచి సమాచారం తెప్పించుకోవాలని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం వచ్చి పదకొండేళ్లు గడిచాక కూడా ఎన్ని ఉన్నాయో లెక్క అడగాల్సి వచ్చింది. లెక్కే లేని చోట నాణ్యత కొలవడం చాలా దూరంలో ఉన్న మాట.

ఈ ఖాళీ ఎంత ప్రమాదమో 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో బయటపడింది. అక్కడి ఒక ఆశ్రమంలో పదుల సంఖ్యలో మనుషుల్ని, వారిలో మానసిక సమస్యలున్నవారిని, గొలుసులతో కట్టేసి హింసిస్తున్నట్లు కీసర పోలీసులు గుర్తించి విడిపించారు. మానసిక అనారోగ్యం ఉన్నవారిని సంరక్షణ కోసం ఉంచుకునే సంస్థ ఏదైనా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్టర్ కావాలి. ఆ చట్టంలోనే గొలుసులతో బంధించడంపై నిషేధం ఉంది. చట్టం అమల్లో ఉన్నా, పోలీసులు తలుపు తట్టేదాకా ఆ గొలుసులు ఉన్నాయి.

## నాణ్యత అంటే మూడు అంచెలు

వైద్య సేవల నాణ్యతను ఎలా కొలవాలన్న చర్చకు పునాది వేసింది అమెరికాలో పనిచేసిన వైద్యుడు అవెడిస్ డొనబెడియన్ 1966లో రాసిన వ్యాసం. ఆయన నాణ్యతను మూడు అంచెలుగా చూశారు. మొదటిది ఏర్పాట్లు: భవనం, సిబ్బంది, పరికరాలు. రెండోది పని జరిగే తీరు: మందు సమయానికి ఇచ్చారా, స్నానం చేయించారా, డాక్టరుకు చూపించారా. మూడోది ఫలితం: మనిషి కోలుకున్నాడా, పుండు పడిందా, బరువు తగ్గిందా.

వృద్ధాశ్రమం చూడ్డానికి వెళ్లినవారికి మొదటి అంచె ఒక్కటే కనిపిస్తుంది. మన నియమాలు కూడా ఎక్కువగా దాని దగ్గరే ఆగాయి. ఏర్పాట్లు బాగున్నంత మాత్రాన పని జరుగుతుందని హామీ లేదు. ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఆ షిఫ్టులో ఉండరు. కాలింగ్ బెల్ ఉంటుంది, పక్షవాతం వచ్చిన చేయి వైపు ఉంటుంది.

మరి ఫలితాలు ఒక్కటే చూస్తే సరిపోతుందా అంటే, అక్కడా ఒక చిక్కు ఉంది. ఒక ఆశ్రమం మంచం పట్టినవారిని, క్యాన్సర్ చివరి దశలో ఉన్నవారిని కూడా తీసుకుంటుంది. మరొకటి నడవగలిగేవారినే చేర్చుకుంటుంది. పుండ్ల సంఖ్య, మరణాల సంఖ్య మొదటి దానిలో ఎక్కువగానే ఉంటుంది. నేరుగా పోలిస్తే, కష్టమైన పని నెత్తిన వేసుకున్నవారికే చెడ్డపేరు వస్తుంది. అందుకే చేరిన రోజు పరిస్థితిని రాసిపెట్టుకోవడం కొలతకు మొదటి మెట్టు. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీద నుంచి లేవడం, మలమూత్రాలపై అదుపు, తినడం అనే ఆరు పనుల్లో ఏవి సొంతంగా చేసుకోగలరో చూసే కాట్జ్ సూచిక 1963 నుంచి వాడుకలో ఉంది. పెద్ద చదువు అవసరం లేకుండా ఒక ఆయా కూడా నింపగలిగిన పట్టిక అది. చేరిన రోజున ఇది నింపి, ఒంటి మీద ఉన్న పుండ్లను రాసి, బరువు తూచి సంతకం పెట్టించే ఆశ్రమంలో ఆరు నెలల తర్వాత జరిగిన మార్పుకు ఒక ఆధారం ఉంటుంది. లేని చోట "వచ్చేటప్పుడే అలా ఉన్నారు" అన్న మాటకు జవాబు ఉండదు.

## ఒంటి మీద రాసి ఉండేవి

కదలలేని మనిషి ఒకే వైపు పడుకుంటే, ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట చర్మానికి రక్తం అందదు. నడుం కింది భాగం, తుంటి, మడమలు ముందుగా దెబ్బతింటాయి. కొన్ని గంటల ఒత్తిడి చాలు. తడిసిన డైపర్ మార్చకపోతే ఇంకా తొందరగా చర్మం చిట్లుతుంది. మొదటి దశలో ఎర్రగా కనిపిస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. మన చామనఛాయ, నలుపు ఒంటి రంగుల మీద ఆ ఎరుపు సరిగ్గా కనిపించదు. చేత్తో తాకితే పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో తగులుతుంది. అలా తాకి చూసే అలవాటు లేని చోట పుండు బయటపడేసరికి కండ దాకా వెళ్లి ఉంటుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఒళ్లు పొడిగా ఉంచడం, మాంసకృత్తులున్న తిండి పెట్టడం వల్ల ఈ పుండ్లను చాలావరకు ఆపవచ్చు. అందుకే ప్రపంచమంతా సంరక్షణను బేరీజు వేసేటప్పుడు దీన్ని ప్రధాన గుర్తుగా తీసుకుంటారు. ఆశ్రమంలో చేరాక కొత్తగా పుండు పడిందంటే, చాలాసార్లు కొన్ని పనులు జరగలేదని అర్థం.

బరువు కూడా అలాంటిదే. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం ప్రయత్నించకుండా తగ్గితే దాన్ని గట్టి హెచ్చరికగా అమెరికా నర్సింగ్ హోమ్ ప్రమాణాలు తీసుకుంటాయి. యాభై కిలోల అమ్మకు అది నెలలో రెండున్నర కిలోలు. చీర కట్టుకున్న మనిషిలో ఆ తేడా వీడియో కాల్‌లో తెలియదు, తూకం మీదే తెలుస్తుంది. కారణాలు చాలా ఉండవచ్చు. కట్టుడు పళ్లు వదులైపోవడం, మింగలేకపోవడం, దిగులు, కారం ఎక్కువైన కూర, తినిపించే మనిషికి ఓపిక లేకపోవడం. మింగడం కష్టమైన మనిషికి ఒక పూట అన్నం తినిపించడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట లేనప్పుడు పళ్లెం సగంలోనే వెళ్లిపోతుంది, లేదా పడుకోబెట్టి తొందరగా కుక్కుతారు. పడుకోబెట్టి తినిపిస్తే ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు.

భోజన వేళల్లో ఇంకో సంగతి ఉంది. సిబ్బంది ఇళ్లకు వెళ్లాలి కాబట్టి సాయంత్రం ఆరున్నరకే రాత్రి భోజనం పెట్టి, మర్నాడు తొమ్మిదింటికి టిఫిన్ పెడితే మధ్యలో పద్నాలుగున్నర గంటలు. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం రాత్రి భోజనానికీ ఉదయం ఫలహారానికీ మధ్య 14 గంటలు దాటకూడదు. పడుకునే ముందు బలమైన చిరుతిండి ఇస్తేనే ఆ గడువు కొంత పెరుగుతుంది. షుగర్ ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. ఏడు గంటలకు ఇన్సులిన్ వేసి తొమ్మిదింటికి ఇడ్లీ పెడితే లో షుగర్ వచ్చి పడిపోవచ్చు. రిజిస్టర్‌లో ఇన్సులిన్ ఇచ్చినట్టే ఉంటుంది, టిఫిన్ పెట్టినట్టే ఉంటుంది. తప్పంతా ఆ రెండింటి మధ్య ఉన్న రెండు గంటల్లో ఉంది.

నీళ్ల విషయం వేసవిలో బయటపడుతుంది. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. నీళ్లు తాగితే మాటిమాటికీ మరుగుదొడ్డికి తీసుకెళ్లాలి, పక్క తడుస్తుంది అన్న భయంతో పెద్దవారే తాగడం మానేస్తారు, లేదా సిబ్బందే ఇవ్వడం తగ్గిస్తారు. రెంటచింతల, రామగుండం ఎండల్లో దాని ఫలితం మూత్రంలో ఇన్‌ఫెక్షన్, తికమక, ఆసుపత్రి. మంచం పక్కన నీళ్ల గ్లాసు ఉందా అని చూడటం సగం పనే. అది చేతికి అందే దూరంలో ఉందా, ఎత్తి తాగగలరా అన్నది మిగతా సగం.

మందుల దగ్గర పెద్దవారికి జరిగే హాని ఎక్కువమంది కంట పడదు. గుండె డాక్టరు ఒక చీటీ, కిడ్నీ డాక్టరు ఒక చీటీ, డిశ్చార్జి అప్పుడు మరొకటి. అన్నీ కలిపి రోజుకు పది పన్నెండు మాత్రలు. కనీసం ఆరు నెలలకోసారి ఒక డాక్టరు అన్నిటినీ ఒకచోట పెట్టి, ఏది అవసరం లేదో చూడాలి. అంతకంటే ఆందోళన కలిగించేది మతిమరుపు ఉన్నవారు రాత్రిపూట లేచి తిరుగుతున్నారనో, కేకలు పెడుతున్నారనో ఇచ్చే మత్తు మందులు. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు మతిమరుపు ఉన్న వృద్ధుల్లో మరణ ముప్పును పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే అత్యంత తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. రాత్రిపూట ఆశ్రమం నిశ్శబ్దంగా ఉందంటే అందరూ హాయిగా నిద్రపోతున్నారనే అనుకోనక్కర్లేదు.

పడిపోవడాల లెక్కను జాగ్రత్తగా చదవాలి. "మా దగ్గర ఏడాదిలో ఒక్కరూ పడలేదు" అని ఆశ్రమం చెప్పుకుంటే, అది నిజమే కావచ్చు. నడవనివ్వకపోతే ఎవరూ పడరు. కుర్చీకి చీరతో కట్టినా, మంచానికి రెండు వైపులా కడ్డీలు ఎత్తిపెట్టినా, మత్తు మందు ఇచ్చినా పడరు. కొన్ని నెలల్లోనే కాళ్లలో సత్తువ పోయి శాశ్వతంగా మంచాన పడతారు. పడిపోవడాల సంఖ్యను, కట్టడి చేసిన వారి సంఖ్యను పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏదైనా అర్థమవుతుంది.

## చేతులెన్ని ఉన్నాయి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చివరికి ఒక లెక్క దగ్గరికి చేరతాయి. ముప్పై మంది ఉన్న ఆశ్రమంలో పదిమంది మంచం పట్టినవారు అనుకుందాం. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా పన్నెండు గంటల షిఫ్టు. రెండు గంటలకోసారి తిప్పాలంటే ఒక్కొక్కరికి ఆరుసార్లు, మొత్తం అరవైసార్లు. తిప్పి, తడిసిందేమో చూసి, అవసరమైతే మార్చి, మళ్లీ సర్దడానికి సగటున పది నిమిషాలు వేసుకున్నా 600 నిమిషాలు, అంటే పది గంటలు. బరువైన మనిషిని తిప్పడానికి ఇద్దరు కావాలి. మిగతా ఇరవై మందిలో ఎవరికైనా దగ్గు, ఎవరికైనా మూత్రం, ఎవరికో భయం. ఈ ఆశ్రమంలో రాత్రికి ఒకే ఆయా ఉంటే, ఆమె ఎంత మంచి మనిషైనా ఆ పని జరగదు. జరిగినట్టు రిజిస్టర్‌లో టిక్కులు ఉంటే అవి ఉదయం ఒకేసారి పెట్టినవే అయి ఉంటాయి.

ఆస్ట్రేలియా ఈ లెక్కను నిబంధనగా మార్చింది. వృద్ధుల సంరక్షణపై అక్కడి ప్రభుత్వం వేసిన విచారణ సంఘం (రాయల్ కమిషన్) 2019 అక్టోబరులో ఇచ్చిన మధ్యంతర నివేదికకు "నిర్లక్ష్యం" అనే ఒక్క మాటే శీర్షికగా పెట్టింది. 2021లో తుది నివేదిక వచ్చాక సంరక్షణ నిమిషాలు తప్పనిసరి చేశారు. 2024 అక్టోబరు నుంచి సగటున ఒక్కో మనిషికి రోజుకు 215 నిమిషాలు, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సువి. మన ముప్పై మంది ఆశ్రమానికి ఆ లెక్క వేస్తే రోజుకు 107 గంటలు దాటుతుంది. పన్నెండు గంటల షిఫ్టుల్లో దాదాపు తొమ్మిది మంది సిబ్బంది. వంట, ఊడ్పు మనుషులు ఇందులో లేరు. ఆస్ట్రేలియా హోమ్‌ల్లో ఉండేవారు సగటున మరింత బలహీనులు కాబట్టి ఆ అంకెను ఇక్కడ యథాతథంగా అడగలేం. కానీ మనిషికి ఇన్ని నిమిషాలు అని ఆలోచించడం మొదలుపెడితే, నెలసరి ఫీజు నిజంగా దేనికి సరిపోతుందో, ఎక్కడ కోత పడుతోందో అర్థమవుతుంది.

అమెరికా 2024లో మనిషికి రోజుకు 3.48 గంటల కనీస సేవను నిబంధనగా తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. నర్సులు దొరకరు, ఖర్చు భరించలేం అన్నది యజమానుల ప్రధాన వాదన.

ఇక్కడ ఆయాల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చాలామందికి శిక్షణ ఉండదు, పన్నెండు గంటల డ్యూటీ, తక్కువ జీతం. పక్క ఆసుపత్రిలో రెండు వేలు ఎక్కువిస్తే వెళ్లిపోతారు. మనిషి మారిన ప్రతిసారీ ఎవరికి ఏ వైపు నొప్పి, ఎవరు మజ్జిగన్నం అయితేనే తింటారు, ఎవరికి చెవులు వినపడవు అన్న జ్ఞానమంతా పోతుంది. అందుకే "ఎంతమంది పనిచేస్తున్నారు" అనే ప్రశ్న కన్నా "వీళ్లలో ఏడాది దాటినవారు ఎంతమంది" అనే ప్రశ్న ఎక్కువ సంగతులు చెబుతుంది.

## రేటింగులు ఎక్కడ దెబ్బతిన్నాయి

అమెరికాలో 1987లో నర్సింగ్ హోమ్ సంస్కరణల చట్టం వచ్చింది. 2008 డిసెంబరులో అయిదు నక్షత్రాల రేటింగ్ మొదలైంది. తనిఖీలు, సిబ్బంది, నాణ్యత సూచికలు అని మూడు భాగాలు. తనిఖీలు తప్ప మిగతా రెండూ చాలావరకు హోమ్‌లు తామే చెప్పుకున్న లెక్కలు. తనిఖీ జరిగే వారాల్లో సిబ్బందిని పెంచి చూపించడం తేలికైంది. 2016 నుంచి జీతాల చెల్లింపు రికార్డుల ఆధారంగా సిబ్బంది వివరాలు ఇవ్వాలని నిబంధన పెట్టారు. 2018లో వాటిని రేటింగ్‌కు వాడటం మొదలుపెట్టేసరికి, చాలా హోమ్‌లు ముందు చెప్పినంత మంది లేరని, శని ఆదివారాల్లో మరీ పలచబడుతున్నారని తేలింది.

మత్తు మందుల సూచికలో జరిగింది ఇంకా గమనించదగ్గది. ఎంతమందికి ఆ మందులు ఇస్తున్నారో ఈ సూచిక లెక్కిస్తుంది. స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్నవారికి అవి అవసరం కాబట్టి వారిని లెక్క నుంచి మినహాయించారు. దాంతో కొన్ని హోమ్‌లలో ముసలితనంలో అరుదుగా కొత్తగా వచ్చే ఆ జబ్బు రికార్డుల్లో పెరిగింది. 2023 జనవరిలో ఆ నిర్ధారణలు నిజమో కాదో చూసే ఆడిట్లు చేపడుతున్నట్లు అక్కడి ప్రభుత్వ సంస్థ ప్రకటించింది. ఏ అంకెకు మార్కులు వేస్తే ఆ అంకె బాగుపడుతుంది. మనిషి పరిస్థితి బాగుపడిందా అన్నది విడిగా చూడాల్సిందే.

ఇంగ్లండ్‌లో సంరక్షణ సంస్థలను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ 2009 నుంచి పనిచేస్తోంది. భద్రంగా ఉందా, ఫలితం ఇస్తోందా, ఆదరంగా చూస్తున్నారా, అవసరానికి స్పందిస్తున్నారా, నాయకత్వం బాగుందా అని అయిదు ప్రశ్నలు వేసి, నాలుగు స్థాయిల్లో రేటింగ్ ఇస్తుంది. ఆ రేటింగ్‌ను హోమ్ అందరికీ కనిపించేలా పెట్టాలి. కాగితం మీద చక్కటి పద్ధతి. 2024లో ప్రభుత్వం కోరగా పెన్నీ డాష్ చేసిన సమీక్ష ఆ కమిషన్‌నే తప్పుపట్టింది. రేటింగుల సగటు వయసు 3.9 ఏళ్లని, తనిఖీ చేయాల్సిన చోట్లలో దాదాపు అయిదోవంతుకు అసలు రేటింగే ఇవ్వలేదని తేల్చింది. నాలుగేళ్ల కిందటి "బాగుంది" అన్న బోర్డు చూసి తల్లిని చేర్పించిన మనిషికి, మధ్యలో మేనేజర్ మారిపోయాడని ఆ బోర్డు చెప్పదు.

ఆస్ట్రేలియా 2022 డిసెంబరులో తెచ్చిన రేటింగ్‌లో 33 శాతం వాటాను అక్కడ ఉంటున్నవారి అనుభవానికి ఇచ్చారు. మిగతా మూడు భాగాలైన నిబంధనల పాటింపు, సిబ్బంది, నాణ్యత సూచికల్లో ఏ ఒక్కదాని కన్నా అదే ఎక్కువ. వయసు మళ్లిన మనిషి మాటను సాక్ష్యంగా లెక్కలోకి తీసుకోవడం ఈ మొత్తంలో మంచి ఆలోచన.

## "బాగానే ఉంది బాబూ"

ఆ సాక్ష్యం తీసుకోవడం తేలిక కాదు. ఎలా ఉంది అని అడిగితే మన పెద్దవాళ్లు చెప్పే మొదటి జవాబు "బాగానే ఉంది బాబూ". పిల్లలకు భారం కాకూడదన్న పట్టుదల అందులో ఉంటుంది. ఫిర్యాదు చేస్తే రేపు స్నానం చేయించే ఆయా ఏమంటుందోనన్న భయమూ ఉంటుంది. పక్కన వార్డెన్ నిలబడి ఉంటే అంతకు మించి మాట రాదు.

అందువల్ల అడిగే తీరు మార్చాలి. నిన్న రాత్రి ఏం తిన్నారు, ఎన్నింటికి పడుకోబెట్టారు, మూత్రం వస్తే ఎవర్ని పిలుస్తారు, పిలిచాక ఎంతసేపటికి వస్తారు అని వివరంగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. ఏ చీర కట్టుకోవాలో, ఎప్పుడు నిద్రలేవాలో తనే చెప్పగలుగుతోందా, ఫోన్ తన దగ్గరే ఉందా, బట్టలు మార్చేటప్పుడు తలుపు వేస్తున్నారా అన్నవి చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మకు ఇవేవీ ఎవర్నీ అడిగే అవసరం లేదు.

మాట చెప్పలేని స్థితికి చేరిన మతిమరుపు రోగుల విషయంలో చూడటమే మార్గం. ఆయా దగ్గరకు వచ్చినప్పుడు ముఖం విప్పారుతుందా, ముడుచుకుపోతుందా? పేరు పెట్టి, వరస పెట్టి పిలుస్తున్నారా, లేక మంచం నంబరుతోనా? హాల్లో ఒక మూల గంటసేపు కూర్చుని చూస్తే, బ్రోషర్‌లో దొరకని సమాచారం దొరుకుతుంది. గంటసేపు కూర్చోనివ్వని ఆశ్రమం కూడా ఒక సమాచారం ఇచ్చినట్టే.

## చేర్పించే ముందు, చేర్పించాక

చేర్పించే ముందు అడగాల్సిన ప్రశ్నల్లో మొదటిది: మంచాన పడితే ఉంచుకుంటారా, పంపేస్తారా? చాలా ఒప్పందాల్లో ఈ సంగతి స్పష్టంగా ఉండదు. నడవగలిగే రోజుల్లో చేర్చుకుని, అవసరం ఎక్కువయ్యే రోజున తీసుకెళ్లమంటే కుటుంబానికి దిక్కుతోచదు. డిపాజిట్ ఎంత వెనక్కి వస్తుంది, డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ ఫీజులో ఉన్నాయా లేవా, ఏ ఆసుపత్రికి తీసుకెళతారు, అర్ధరాత్రి నిర్ణయం ఎవరు తీసుకుంటారు అన్నవి కాగితం మీద ఉండాలి.

రెండోసారి చెప్పకుండా వెళ్లాలి, వీలైతే రాత్రి భోజనం వేళకో ఆదివారం సాయంత్రమో. డ్యూటీ రోస్టర్ అడిగి, అందులో పేరున్నవారు ఆ సమయానికి అక్కడ ఉన్నారో లేరో చూడాలి. మందుల పట్టికలో ఆ పూట గడి మాత్రమే నింపి ఉందా, రేపటి గడి కూడా ముందే నింపేశారా చూడాలి. మూత్రం వాసనను బట్టి తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఒక గదిలో కొద్దిసేపు వాసన ఉండటం మామూలే, అన్ని గదుల్లో ఎప్పుడూ ఉంటే అది సిబ్బంది కొరత.

విదేశాల్లో ఉన్న పిల్లలు నెలకోసారి అయిదు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోవచ్చు: బరువు, చర్మం పరిస్థితి, పడిపోయిన సందర్భాలు, మారిన మందులు, డాక్టరు చూసిన తేదీ. వీడియో కాల్‌లో ముఖం ఒక్కటే కాకుండా మడమలు కూడా చూపించమని అడగవచ్చు. ఊళ్లో ఉన్న బంధువో స్నేహితుడో పదిహేను రోజులకోసారి వేరువేరు వేళల్లో వెళ్లి వస్తుంటే, ఆ మనిషిని అడిగేవారున్నారని సిబ్బందికి తెలుస్తుంది. ఎవరూ రాని పెద్దవారి విషయంలో ఆ పని చేయాల్సింది ప్రభుత్వ తనిఖీ, స్థానిక వైద్యులు, న్యాయసేవా సంస్థలు.

## లోపం కనిపిస్తే

ముందు ఆశ్రమం నిర్వాహకులకు రాతపూర్వకంగా, తేదీ వేసి చెప్పాలి. పుండు ఉంటే ఫొటో తీసి, అదేరోజు డాక్టరుతో రాయించుకోవాలి. వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ అధికారికి, కలెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2007 చట్టం అమలు బాధ్యతను కలెక్టర్‌కు అప్పగించే వీలు ఆ చట్టంలోనే ఉంది. కొట్టడం, కట్టేయడం, తిండి పెట్టకపోవడం లాంటివైతే నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లాలి.

ఫీజు చెల్లించి చేర్పించినవారు సేవాలోపం కింద 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టాన్ని ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 1915 నంబరులో సలహా తీసుకోవచ్చు. ఆ చట్టం ఉచిత సేవలను తన పరిధి నుంచి తప్పించింది. దాతల డబ్బుతో నడిచే ఉచిత ఆశ్రమంలో, పిల్లలూ డబ్బూ రెండూ లేని పెద్దవారికి ఆ తలుపు మూసి ఉంటుంది. 2019 సవరణ బిల్లులోని రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాల నిబంధనలు అందరికంటే ఎక్కువ అవసరమైంది వారికే. ఆ నిబంధనలను రాష్ట్ర ప్రభుత్వాలు 2007 చట్టం కింద తమ నియమాల్లో చేర్చడానికి పార్లమెంటు కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు. వృద్ధాశ్రమాల నిర్వహణ, ప్రమాణాలపై పథకం రూపొందించే అధికారం 19వ సెక్షన్ రాష్ట్రాలకే ఇచ్చింది.